నార్త్ కరోలినాలో చిన్న పల్లె కౌంటీకి మారుతున్నాం, పిల్లల్ని అక్కడి పబ్లిక్ స్కూల్లో చేర్చవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. మీవారికి జే-1 వెయివర్ మీద (జే-1 వీసాతో వచ్చిన డాక్టరు స్వదేశానికి తిరిగి వెళ్ళకుండా, డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్ళు పనిచేసే ఏర్పాటు) తూర్పు నార్త్ కరోలినాలో ఒక చిన్న కౌంటీ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వేసవిలో న్యూజెర్సీ నుంచి మారుతున్నారు. అమ్మాయి 7వ గ్రేడుకి, అబ్బాయి 2వ గ్రేడుకి వెళ్ళాలి. అక్కడి మిడిల్ స్కూలుకి రాష్ట్రం ఇచ్చిన గ్రేడు డి. ఇళ్ళు అమ్మే వెబ్‌సైట్లో పదికి మూడు చూపిస్తోంది. "నేను పిల్లల్ని తీసుకుని రాలీ పక్కనున్న క్యారీలో ఉండిపోనా, ఆయన వారాంతాల్లో వస్తారు. లేదంటే ఊళ్ళో ఉన్న ప్రైవేటు అకాడమీలో వేయాలా? పబ్లిక్ స్కూల్లో వేస్తే పిల్లల చదువు దెబ్బతింటుందా?" అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. పబ్లిక్ స్కూల్లోనే, అంటే సర్కారు బడిలోనే వేయండి, అందరూ కలిసి ఒకే ఇంట్లో ఉండండి. బాబు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. పాప విషయంలో మాత్రం ఒక్క పని మీరు తప్పకుండా చేయాలి: 7వ గ్రేడులో తన లెక్కల క్లాసు ఎవరు చెబుతున్నారో, 8వ గ్రేడులో తను మ్యాథ్ 1 (హైస్కూలు మొదటి లెక్కల కోర్సు) తీసుకునే దారి ఉందో లేదో ఆగస్టులోపే కనుక్కోవాలి. మిగతా లోటుపాట్లు చాలావరకు తర్వాతైనా సర్దుకుంటాయి. ఇది ఆలస్యమైతే పిల్ల రెండేళ్ళు పరుగెత్తాల్సి వస్తుంది.

నేను ఎవరినో కూడా చెప్పాలి కదా. మా ఆయన కూడా జే-1 వెయివర్ మీదే 2003లో ఈ ప్రాంతానికి వచ్చారు. మూడేళ్ళు ఉండి వెళ్ళిపోదామనుకున్నాం. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాం. నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను. 2011లో లేటరల్ ఎంట్రీ పద్ధతిలో (టీచర్ ట్రైనింగ్ లేని డిగ్రీవాళ్ళు ఉద్యోగంలో ఉంటూ అది పూర్తిచేసే దారి) లైసెన్సు తీసుకుని అప్పటి నుంచీ ఈ కౌంటీ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. నా పిల్లలిద్దరూ కిండర్‌గార్టెన్ నుంచి 12వ గ్రేడు దాకా ఇక్కడి పబ్లిక్ స్కూళ్ళలోనే చదివారు. కాబట్టి ఈ విషయాన్ని తల్లిగానూ చూశాను, టీచరుగానూ చూశాను.

ఆ డి గ్రేడు దేనికి ఇచ్చారు?

నార్త్ కరోలినాలో ప్రతి పబ్లిక్ స్కూలుకీ ఏటా ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం ఇస్తారు. నూటికి 85 దాటితే ఏ, 70 దాటితే బి, 55 దాటితే సి, 40 దాటితే డి. ఆ నూరు మార్కుల్లో 80 శాతం పిల్లలు పరీక్షల్లో తెచ్చుకున్న ఫలితాలకు, 20 శాతం మాత్రమే ఆ ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకు వచ్చారన్నదానికి. అంటే రెండేళ్ళు వెనకబడి వచ్చిన పిల్లవాడిని ఒక టీచరు ఒక్క ఏడాదిలో ఏడాదిన్నర ముందుకు తీసుకొచ్చినా, వాడు పరీక్ష గట్టెక్కకపోతే ఆ కష్టం పెద్ద భాగంలో లెక్కకు రాదు. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు, ట్యూషన్లకు వెళ్ళే పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూలుకి సహజంగానే మంచి అక్షరం వస్తుంది. పేద కౌంటీల్లో డి, ఎఫ్ గ్రేడులు గుంపుగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే.

మీరు చూడవలసినది ఆ అక్షరం పక్కనే ఉంటుంది. రాష్ట్ర విద్యాశాఖ వాళ్ళ స్కూల్ రిపోర్ట్ కార్డుల సైటులోకి వెళ్ళి మీ మిడిల్ స్కూలు పేరు కొట్టండి. "గ్రోత్" అనే చోట అంచనాను మించిందా, అందుకుందా, అందుకోలేదా అని మూడింట్లో ఒకటి రాసి ఉంటుంది. పిల్లవాడి పాత మార్కులను బట్టి ఈ ఏడాది ఎంత రావచ్చో అంచనా వేసి, వచ్చినదానితో పోల్చి లెక్కిస్తారు. ఈవాస్ అంటారు ఆ పద్ధతిని. గత మూడేళ్ళవి వరుసగా చూడండి. డి గ్రేడు ఉండి గ్రోత్ అంచనాను మించుతోందంటే అక్కడ పాఠం బాగా జరుగుతోందన్నమాట. బి గ్రేడు ఉండి గ్రోత్ అందుకోవడం లేదంటే నేను రెండుసార్లు ఆలోచిస్తాను. మూడేళ్ళూ "అందుకోలేదు" అని ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

అదే పేజీలో ఇంకో రెండు సంఖ్యలు కూడా చూడండి. కొత్త టీచర్లు ఎంత శాతం, ఏడాదిలో పది శాతం కన్నా ఎక్కువ రోజులు బడి మానేసే పిల్లలు ఎంత శాతం. మొదటి సంఖ్య పెద్దదిగా ఉంటే టీచర్లు నిలవడం లేదని అర్థం. రెండోది పెద్దదైతే టీచరు చెప్పిన పాఠమే మళ్ళీ మళ్ళీ చెబుతూ ఉంటారు, రోజూ వచ్చే పిల్లలకు విసుగు పుడుతుంది.

టీచర్లు ఎందుకు నిలవరు?

దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఎందుకంటే పల్లె కౌంటీల్లో చదువు కథంతా ఇక్కడే ఉంది.

ఈ రాష్ట్రంలో 100 కౌంటీలు, 115 స్కూల్ డిస్ట్రిక్టులు. అంటే దాదాపుగా కౌంటీకి ఒక డిస్ట్రిక్టు. మీరు న్యూజెర్సీలో చూసినట్టు ఊరూరికీ ఒకటి ఉండదు. టీచరు మూల జీతం రాష్ట్రమే ఇస్తుంది, ఎక్కడ పనిచేసినా ఒకే స్కేలు. దాని మీద ప్రతి కౌంటీ తన ఆస్తి పన్నులోంచి కొంత అదనం కలుపుతుంది. దాన్ని సప్లిమెంట్ అంటారు. రాష్ట్ర రాజధాని రాలీ ఉన్న వేక్ కౌంటీ కలిపేదానికీ, మా లాంటి కౌంటీ కలిపేదానికీ వేల డాలర్ల తేడా. పొలాలు, అడవులు, మూతపడ్డ మిల్లులు తప్ప పన్ను వేయడానికి ఏమీ లేని కౌంటీ, రేటు ఎంత పెంచినా రాబట్టగలిగేది తక్కువ. మా స్కూల్లో రెండు మూడేళ్ళు పనిచేసి చేయి తిరిగిన టీచరు, పెళ్ళయ్యాక గంట దూరంలోని పెద్ద కౌంటీకి వెళ్ళిపోతారు. వాళ్ళను తప్పు పట్టలేను. వాళ్ళకీ ఇల్లు గడవాలి.

ఇది కోర్టుదాకా వెళ్ళిన విషయం. 1994లో హోక్, కంబర్లాండ్, హాలిఫాక్స్, రాబ్సన్, వాన్స్ కౌంటీలు రాష్ట్రం మీద దావా వేశాయి. 1997లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రతి పిల్లవాడికీ సరైన ప్రాథమిక విద్య పొందే రాజ్యాంగ హక్కు ఉందని చెప్పింది. లియాండ్రో కేసు అంటే ఇక్కడ టీచర్లందరికీ తెలుసు. ఆ హక్కుకు ఎంత డబ్బు, ఎవరు ఇవ్వాలి అన్న వాదన మాత్రం ఆ తర్వాత దశాబ్దాలపాటు సాగింది. నేను ఆ ఏళ్ళన్నీ క్లాసులోనే ఉన్నాను. కాపీ కాగితాలు సొంత డబ్బుతో కొన్న ఏడాదులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మాయి 7వ గ్రేడులో ఉన్నప్పుడు అక్టోబరులో లెక్కల టీచరు మానేశారు. ఆ స్థానంలో తాత్కాలికంగా లాంగ్ టర్మ్ సబ్‌స్టిట్యూట్ వచ్చారు, మంచి మనిషే, కానీ లెక్కలు ఆవిడ సబ్జెక్టు కాదు. నేను అదే డిస్ట్రిక్టులో లెక్కల టీచరునై ఉండి కూడా పట్టించుకోలేదు. ఇంటికి ఏ హోంవర్కూ రావడం లేదంటే క్లాసులోనే చేసేస్తోంది కాబోలు అనుకున్నాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం దాని నోట్‌బుక్ తిరగేశాను. నవంబరులో అతికించిన వర్క్‌షీట్, ధన ఋణ సంఖ్యల కూడికలు. నాలుగు పేజీలు తిప్పితే మళ్ళీ అదే వర్క్‌షీట్, జనవరి తేదీతో. రెండిట్లోనూ 11వ లెక్క అచ్చు తప్పుగా ఉంది, రెండుసార్లూ మా అమ్మాయి ఆ తప్పును పెన్సిలుతో దిద్దుకుని చేసింది. దానికేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఆ ఏడాది దానికి చివరి పరీక్షలో మార్కులు తగ్గాయి, 8వ గ్రేడులో మ్యాథ్ 1 దొరకలేదు. అందుకే మీకు మొదట్లోనే ఈ మాట చెప్పాను.

మ్యాథ్ 1 గొడవ ఏమిటంటే

ఇక్కడ హైస్కూల్లో ఆల్జీబ్రా, జామెట్రీ విడివిడిగా ఉండవు. మ్యాథ్ 1, మ్యాథ్ 2, మ్యాథ్ 3 అని కలిపి చెబుతారు. 8వ గ్రేడులో మ్యాథ్ 1 అయిపోతే, 9లో మ్యాథ్ 2, 10లో మ్యాథ్ 3, 11లో ప్రీకాల్క్యులస్, 12లో కాల్క్యులస్. ఇంజనీరింగ్ వైపు వెళ్ళే పిల్లకు ఇది మామూలు దారి. 9వ గ్రేడులో మ్యాథ్ 1 మొదలుపెడితే ఏడాదికి ఒక్కటి చొప్పున పోతే 12వ గ్రేడు ప్రీకాల్క్యులస్‌తోనే ముగుస్తుంది.

మీకు మంచి కబురు ఏమిటంటే, మా అమ్మాయి కాలంలో లేని చట్టం ఇప్పుడు ఉంది. 7వ గ్రేడు చివరి లెక్కల పరీక్షలో పై స్థాయి, అంటే లెవెల్ 5 వచ్చిన ప్రతి విద్యార్థినీ 8వ గ్రేడులో హైస్కూలు స్థాయి లెక్కల్లో చేర్చి తీరాలి. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప తీసేయడానికి వీల్లేదు. టీచరు సిఫారసు, ప్రిన్సిపాల్ దయ అక్కర్లేదు. మా లాంటి చోట్ల మార్కులు ఉండి కూడా ఎవరూ అడగక వెనకబడిపోయిన పిల్లలు చాలామంది ఉండేవారు. ముఖ్యంగా నల్లజాతి పిల్లలు, మెక్సికో నుంచి వచ్చిన కూలీల పిల్లలు. ఈ చట్టం వచ్చాక అలాంటి పిల్లలు నా క్లాసులో కనిపిస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

మీ పాప న్యూజెర్సీ నుంచి వస్తోంది కాబట్టి 7వ గ్రేడులో ఏ క్లాసులో వేయాలో తేల్చడానికి పాత రిపోర్టులు, పరీక్షల కాగితాలు వెంట తెండి. స్కూల్లో పిల్లల కోర్సులు చూసే కౌన్సిలరుతో ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడండి. అడగాల్సినవి: 7వ గ్రేడులో ముందుకు నడిపే లెక్కల క్లాసు ఉందా? దాన్ని చెప్పే టీచరు లెక్కల లైసెన్సు ఉన్నవారేనా? ఆ పోస్టు ఇప్పుడు ఖాళీగా ఉందా? మూడో ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. ఆగస్టులో ఖాళీగా ఉంటే అక్టోబరులోనూ ఖాళీగానే ఉండవచ్చు. అప్పుడు ఆ ఏడాది ఇంట్లో రోజుకు అరగంట మీరే కూర్చోబెట్టండి, లేదా ఆన్‌లైన్లో చెప్పించండి. ఒక్క సబ్జెక్టు, ఒక్క ఏడాది. అందుకోసం కాపురం రెండు చోట్ల పెట్టనక్కర్లేదు.

ఒకవేళ మ్యాథ్ 1 తప్పిపోయినా దారి ఉంది. మా హైస్కూళ్ళలో ఎక్కువ చోట్ల బ్లాక్ షెడ్యూలు. రోజుకు నాలుగే క్లాసులు, ఒక్కోటి గంటన్నర దాకా, ఏడాది పాఠం ఒక్క సెమిస్టరులో అయిపోతుంది. మా అమ్మాయి 9వ గ్రేడులో మొదటి సెమిస్టరు మ్యాథ్ 1, రెండో సెమిస్టరు మ్యాథ్ 2 చేసింది. 10లో మ్యాథ్ 3, ప్రీకాల్క్యులస్. 11వ గ్రేడుకల్లా తోటివాళ్ళను దాటేసింది. కానీ ఆ రెండేళ్ళు బ్యాండు మానుకోవాల్సి వచ్చింది. క్లారినెట్ అంటే దానికి ప్రాణం. ఇప్పటికీ ఆ మాట వస్తే నాకు బాధేస్తుంది.

హైస్కూల్లో ఏపీ కోర్సులు లేవుగా?

ఏపీ అంటే హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సులు. తక్కువే ఉంటాయి. మా స్కూల్లో ఏపీ కాల్క్యులస్‌కి ఆరుగురు పిల్లలు పేరిచ్చిన ఏడాది క్లాసు రద్దయింది. చిన్న స్కూలు కష్టం ఇది. కాల్క్యులస్, ఫిజిక్సు, నాలుగో ఏడాది స్పానిష్ లాంటివి నడపడానికి సరిపడా పిల్లలు ఉండరు, టీచరూ ఉండరు.

కానీ దానికి బదులు రాష్ట్రం ఇచ్చేవి మూడున్నాయి, వాటిని వాడుకున్న మన పిల్లలు బాగానే ఉన్నారు. మొదటిది కెరీర్ అండ్ కాలేజ్ ప్రామిస్. 11, 12 గ్రేడుల పిల్లలు అర్హత ఉంటే రెండేళ్ళ డిగ్రీలిచ్చే కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేకుండా చదవవచ్చు. రాష్ట్రంలో 58 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, ఏ కౌంటీలో ఉన్నా ఒకటి అందుబాటులో ఉంటుంది. అక్కడి కాల్క్యులస్ క్రెడిట్ తర్వాత యూఎన్‌సీ వ్యవస్థలోని రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకు బదిలీ అవుతుంది. మా అమ్మాయి కాల్క్యులస్ 1, 2 రెండూ అలాగే చేసి ఎన్‌సీ స్టేట్‌లో నేరుగా కాల్క్యులస్ 3లో కూర్చుంది. రెండోది నార్త్ కరోలినా వర్చువల్ పబ్లిక్ స్కూల్. మీ స్కూల్లో లేని ఏపీ కోర్సును అక్కడి నుంచి ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, దానికి రాష్ట్ర లైసెన్సు ఉన్న టీచరే ఉంటారు. పిల్లకు స్వయంగా కూర్చుని చదివే అలవాటు ఉంటేనే అది పనికొస్తుంది. మా అబ్బాయికి కుదరలేదు, మూడో వారంలో వదిలేశాడు.

మూడోది ఎర్లీ కాలేజ్ హైస్కూల్. కమ్యూనిటీ కాలేజీ ఆవరణలోనే ఉంటుంది, నాలుగైదేళ్ళలో హైస్కూలు డిప్లొమాతో పాటు రెండేళ్ళ కాలేజీ డిగ్రీ చేతికొస్తుంది. 8వ గ్రేడులో దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ నిజం చెప్పాలి: ఇంట్లో ఇంతకుముందు ఎవరూ కాలేజీకి వెళ్ళని పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇవి పెట్టారు, ఎంపికలో వాళ్ళకు ప్రాధాన్యం ఉంటుంది. డాక్టరు గారి పిల్లకు సీటు రాకపోవచ్చు. రాకపోతే ఏమీ అనుకోకండి. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడి తల్లిదండ్రులు చిలగడదుంపల పొలాల్లో కూలికి వెళ్ళేవారు. చిలగడదుంపల పంటలో ఈ రాష్ట్రం దేశంలోనే మొదటిది, తూర్పున మాకు సెప్టెంబరు, అక్టోబరు వచ్చిందంటే రోడ్ల మీద అవే లారీలు. వాడు శనివారాలు తండ్రితో పాటు బకెట్లు మోసి, సోమవారం గోళ్ళలో మట్టితోనే వచ్చి ముందు బెంచీలో కూర్చునేవాడు. వాళ్ళమ్మతో మాట్లాడాలంటే మధ్యలో వాడే స్పానిష్‌లోకి మార్చి చెప్పాలి. తన గురించి నేను చెప్పిన మంచిమాటల్ని సిగ్గుపడి సగానికి తగ్గించి చెప్పేవాడు, నాకు అంతమాత్రం స్పానిష్ తెలుసు. ఎర్లీ కాలేజీ లేకపోతే వాడికి ఇంజనీరింగ్ అన్న మాటే ఉండేది కాదు.

డర్హమ్‌లో ఉన్న నార్త్ కరోలినా స్కూల్ ఆఫ్ సైన్స్ అండ్ మ్యాథమెటిక్స్ గురించి మీరు వినే ఉంటారు. 1980లో మొదలైంది, 11, 12 గ్రేడులకు హాస్టలుతో కూడిన పబ్లిక్ స్కూలు. చదువుకీ, ఉండటానికీ, తిండికీ డబ్బు తీసుకోరు. 2022 నుంచి మోర్గాన్‌టన్‌లో రెండో క్యాంపస్ కూడా ఉంది. ఎంపికలో రాష్ట్రంలోని అన్ని కాంగ్రెస్ నియోజకవర్గాలకూ చోటు ఉండేలా చూస్తారు. క్యారీలో మన పిల్లలు ఎంతమంది దానికి పోటీపడతారో మీకు తెలుసు. మీ కౌంటీ నుంచి ఆ దరఖాస్తు పెట్టేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 16 ఏళ్ళకే పిల్లను పంపించాలంటే మనసొప్పదు, అది వేరే సంగతి. మేము దరఖాస్తు నింపి కూడా పంపలేదు.

యూనివర్సిటీల విషయానికొస్తే, యూఎన్‌సీ చాపెల్ హిల్ లాంటి చోట్ల బయటి రాష్ట్రాల నుంచి వచ్చే మొదటి ఏడాది విద్యార్థులకు 18 శాతం పరిమితి ఉంది. మిగతా సీట్లు ఈ రాష్ట్రం పిల్లలవే. అమ్మాయి తన స్కూల్లో దొరికిన కష్టమైన కోర్సులన్నీ చేసిందా లేదా అని చూస్తారు. స్కూల్లో లేని కోర్సులకు మార్కులు తీసేయరు.

మరి ప్రైవేటు అకాడమీ?

దీని గురించి మెత్తగా చెప్పలేను. తూర్పు కరోలినాలో ఇలాంటి అకాడమీల బోర్డు మీద స్థాపించిన సంవత్సరం చూడండి. చాలావాటి మీద 1960ల నడుమ నుంచి 1970ల మొదటి దాకా ఏదో ఒక ఏడాది ఉంటుంది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ వేర్వేరు బడులు చెల్లవని చెప్పినా ఇక్కడ నిజంగా పిల్లలను కలిపింది ఆ ఏళ్ళలోనే. నల్లజాతి పిల్లల పక్కన తమ పిల్లలు కూర్చోకూడదనుకున్న కుటుంబాలు చందాలు వేసుకుని వీటిని కట్టుకున్నాయి. ఇప్పుడు అందరినీ చేర్చుకుంటారు, మన డాక్టర్ల పిల్లలు కూడా ఉన్నారు, అక్కడ మంచి టీచర్లూ ఉన్నారు. కానీ ఆ చరిత్ర తెలిసి వెళ్ళాలి.

చదువు సంగతి చూసినా, ఈ రాష్ట్రంలో ప్రైవేటు స్కూలు టీచరుకు రాష్ట్ర లైసెన్సు ఉండాలన్న నియమం లేదు. ఏటా ఏదో ఒక జాతీయ స్థాయి పరీక్ష పెడితే చాలు. గ్రోత్ లెక్కలు బయటపెట్టరు. 2024-25 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజు కోసం ఆదాయంతో పనిలేకుండా అందరికీ ఆపర్చునిటీ స్కాలర్‌షిప్ ఇస్తున్నారు కాబట్టి "ఫీజు కూడా కలిసొస్తుంది" అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. క్లాసులో 14 మంది ఉన్నారని, యూనిఫాం బాగుందని చేర్చకండి. 9వ గ్రేడు నుంచి 12 దాకా లెక్కలు, సైన్సు ఎవరు చెబుతారో పేర్లు అడగండి. పబ్లిక్ స్కూలుకు వేసే ప్రశ్నలే అక్కడా వేయండి.

మనవాళ్ళకు ఇంకో అలవాటు కూడా ఉంది. మా ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి ఇంత దూరం వచ్చిన వాళ్ళం, మన పిల్లల దగ్గరికొచ్చేసరికి సర్కారు బడి అంటేనే భయపడిపోతాం. మన దగ్గర డబ్బున్నవాళ్ళంతా ప్రైవేటుకు వెళ్ళాక సర్కారు బడిని అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఇక్కడా డాక్టర్లు, లాయర్లు, పెద్ద రైతులు పిల్లల్ని తీసేస్తే అదే జరుగుతుంది. ఇక్కడ స్కూల్ బోర్డు సభ్యులు ఓట్లతో గెలిచినవాళ్ళు, ప్రతినెలా బహిరంగ సమావేశం పెడతారు, పేరు రాయించుకుంటే ఎవరైనా మాట్లాడవచ్చు. మా మిడిల్ స్కూల్లో లెక్కల పోస్టు ఖాళీగా ఉందని ఆ ఫిబ్రవరి తర్వాత నేను, ఇంకో ఐదుగురు తల్లులు వరుసగా మూడు నెలలు వెళ్ళి మాట్లాడాం. ఆరుగురం, అంతే. ఆగస్టులో లైసెన్సున్న టీచరు వచ్చారు. వేక్ కౌంటీలో ఆరుగురు వెళితే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇక్కడ మర్నాడు కిరాణా కొట్లో బోర్డు సభ్యుడే ఎదురొచ్చి పలకరించాడు.

నేను వేరే సలహా ఇచ్చే సందర్భాలు

పిల్లకో, పిల్లవాడికో స్పీచ్ థెరపీ, ఆటిజం సేవలు, ఆక్యుపేషనల్ థెరపీ లాంటివి అవసరమైతే ఈ సమాధానం అంతా పక్కన పెట్టండి. ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి స్కూలు రాసిచ్చే సేవల ప్రణాళిక) ప్రకారం సేవ చేయాల్సిన బాధ్యత చిన్న డిస్ట్రిక్టుకీ పెద్ద డిస్ట్రిక్టుకీ సమానమే, కానీ ఇక్కడ ఒకే స్పీచ్ థెరపిస్టు నాలుగు స్కూళ్ళు తిరుగుతుంటారు. ఆవిడ ప్రసూతి సెలవులో వెళితే పిల్లలు నెలలు ఆగారు. అలాంటప్పుడు రాలీ దగ్గర ఉండటమే మేలు. పక్క కౌంటీ స్కూలు బాగుంటే, రెండు డిస్ట్రిక్టులూ ఒప్పుకుంటే, కొంత ఫీజు కట్టి అక్కడ చేర్చుకునే వీలు కూడా ఉంటుంది.

బడిలో జాతి వివక్ష ఉంటుందా అని మీరు అడగలేదు కానీ మనసులో ఉంటుందని తెలుసు. మా పిల్లలకు మాటలు పడ్డ రోజులు ఉన్నాయి. మా అబ్బాయిని 6వ గ్రేడులో బస్సులో ఒకడు ఏడిపించాడు. ప్రిన్సిపాల్ అదే రోజు ఆ ఇంటికి ఫోన్ చేశారు, ఆవిడకు ఆ కుర్రవాడి అమ్మమ్మ కూడా తెలుసు. చిన్న ఊళ్ళో అందరికీ అందరూ తెలియడం ఇలా ఉపయోగపడుతుంది. చర్చి ప్రస్తావన ఎక్కువగానే వస్తుంది. మా పిల్లలు దీపావళికి ఏం చేస్తామో క్లాసులో చెప్పారు, మిగతావాళ్ళు ఈస్టరు గురించి చెప్పారు. తెలుగు మాత్రం ఇంట్లో మీరే నేర్పుకోవాలి, వారాంతంలో ఆన్‌లైన్ మనబడి లాంటివి తోడు పెట్టుకోండి.

బాబు సంగతి చెప్పలేదు కదా. కిండర్‌గార్టెన్ నుంచి 3వ గ్రేడు దాకా ఈ రాష్ట్రం చదవడం మీద గట్టిగా పనిచేస్తోంది. 2021 చట్టం తర్వాత ప్రైమరీ టీచర్లందరికీ అక్షరం, శబ్దం నుంచి పద్ధతిగా చదవడం నేర్పే శిక్షణ ఇచ్చారు. నేను చూసినంతలో మా కౌంటీలో అన్నిటికన్నా బాగున్నవి ప్రైమరీ స్కూళ్ళే, అక్కడి టీచర్లు ఆ ఊరివాళ్ళు, ఇరవై ఏళ్ళుగా అదే గదిలో ఉన్నవాళ్ళు. చాలా డిస్ట్రిక్టుల్లో 3వ గ్రేడులో ఏఐజీ, అంటే ప్రతిభ ఉన్న పిల్లల కార్యక్రమానికి పరీక్ష పెడతారు. ఆ తేదీ మాత్రం కనుక్కుని ఉంచుకోండి.

ఇల్లు వెతికేటప్పుడు బడికి దగ్గరగా, టౌనులో చూడండి. మేము మొదట పొలాల మధ్య ఇల్లు తీసుకున్నాం. బస్సు 6:05కి వచ్చేది. డిసెంబరులో చీకట్లో ఎర్ర లైట్లు దూరం నుంచి మెరుస్తూ వస్తుంటే మా అబ్బాయి నిద్రలోనే నడిచి వెళ్ళి ఎక్కేవాడు. స్కూలు చేరేసరికి గంటకు పైనే.

చేర్పించడానికి కావలసినవి: జనన ధృవీకరణ, అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు, పాత స్కూలు రికార్డులు, టీకాల కాగితం. రాష్ట్రంలో కొత్తగా చేరుతున్నారు కాబట్టి డాక్టరు నింపిన హెల్త్ అసెస్‌మెంట్ ఫారం 30 రోజుల్లో ఇవ్వాలి. పాపకు 7వ గ్రేడు కాబట్టి టీడాప్, మెనింజైటిస్ టీకాలు వేసి ఉండాలి. వీసా కాగితాలు అడగరు, 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అడిగి పిల్లల్ని ఆపకూడదు. ఇంటి భాష ఏమిటని ఒక ఫారం ఇస్తారు. "ఇంగ్లీషు అని రాసేయండి, లేకపోతే ఇంగ్లీషు రాని పిల్లల కోసం పెట్టిన ఈఎస్ఎల్‌లో వేస్తారు" అని మనవాళ్ళు చెబుతారు, వినకండి. తెలుగు అనే రాయండి. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలను చిన్న పరీక్ష పెట్టి వదిలేస్తారు, మా ఇద్దరికీ అంతే జరిగింది.

కౌంటీ పేరు మెసేజ్‌లో పంపితే అక్కడ నాకు తెలిసిన లెక్కల టీచర్లు ఎవరైనా ఉన్నారేమో అడిగి చెబుతాను. జూలై మూడో వారంలోపే పంపండి, ఆ తర్వాత మాకు పిల్లలు రాకముందు టీచర్లు పనిచేసే వర్క్‌డేలు మొదలవుతాయి.